పుస్తకం మూసి చెప్పమన్న టీచరుగారు

టీచరుగారు పోయారన్న కబురు మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. పొడుగాటి మెసేజ్. రాసినవాడు నాతోపాటు చదువుకున్నవాడే. ఆమె గొప్ప గురువని, ఎందరికో దారి చూపించారని, ఆమె సేవలు మరువలేనివని వరసగా రాసుకుంటూ పోయి, ఈ ఉదయం కన్నుమూశారన్న మాట చిట్టచివర పెట్టాడు. నేను మొదటి లైను చూసి నేరుగా ఆఖరి లైనుకి వెళ్ళాను. అది ఆమె నేర్పిన అలవాటే. చేతికి ఏది వచ్చినా ముందు మొదలు, తర్వాత చివర, ఆ తర్వాతే మధ్యలోది చదవాలని చెప్పి చెప్పి మా ఒంటికి పట్టించారు. ఒంగోలు కోర్టు వరండాలో నిలబడి ఆ చివరి లైను చదివాక, మధ్యలో ఉన్న పొగడ్తలు చదవడానికి నాకు కళ్ళు ఆనలేదు.

వస్తుందని తెలిసిన కబురే. ముందే తెలిసినంత మాత్రాన బాధ ఏమీ తగ్గలేదు. తగ్గుతుందని ఎవరైనా అంటే వాళ్ళకి ఇంకా ఎవరూ పోలేదని అర్థం.

మా ఊరు అద్దంకి నుంచి ఆటోలో వెళ్ళే దూరం. ఆమె మా హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. పాఠం బాగానే చెప్పేవారు గాని, మేమంతా ఆమెను తలుచుకునేది అందుకు కాదు. బడి అయ్యాక సాయంత్రాలు వాళ్ళింటి వరండాలో మాకు చదవడం నేర్పేవారు. అక్షరాలు రానివాళ్ళకి కాదు, వచ్చిన వాళ్ళకే. తొందరగా చదవడం, చదివింది తలలో నిలిచేలా చదవడం. ఊళ్ళో ఇది వింతగా ఉండేది. ఒకసారి మా నాన్న వాళ్ళ గుమ్మం ముందే ఆగి అడిగేశాడు.

"చదువొచ్చిన పిల్లలకి మళ్ళీ చదవడం నేర్పేదేందమ్మా? నడకొచ్చినోడికి నడక నేర్పినట్టు."

"నడకొచ్చిన వాళ్ళందరూ గట్టు మీద పడకుండా నడుస్తున్నారా అన్నా?" అన్నారామె. మా నాన్న నవ్వి వెళ్ళిపోయాడు. ఆ ముందు వారమే వానకి నానిన గట్టు మీద జారి చేలో పడ్డాడు, ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

నన్ను ఆ వరండాకి పంపింది కూడా మా నాన్నే. నేను చదివితే పెదాలు ఆడేవి. ప్రతి మాటా లోపల పలికితే గాని ముందుకు పోయేదాన్ని కాదు. ఒక లైను చదివి, అనుమానం వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళేదాన్ని. "నువ్వా పాఠం ముగించేలోపు పత్తి ఇంకో తీత తీయొచ్చే" అని మా నాన్న వేళాకోళం చేసేవాడు. పరీక్షల్లో ప్రశ్నలన్నీ చదవడానికే సగం టైము పోయేది. తెలిసిన జవాబులు కూడా రాయకుండా పేపరు ఇచ్చేసి వచ్చేదాన్ని. ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని. తెలివిలేనిదాన్ని అనుకున్నాను. అందరూ అదే అనుకున్నారు.

టీచరుగారు మొదటిరోజు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, పుస్తకం నా చేతికిచ్చి, తను పుస్తకం వైపు కాకుండా నా కళ్ళవైపు చూస్తూ కూర్చున్నారు. నేను చదువుతుంటే మధ్యమధ్యలో వేలితో బల్లమీద టక్‌మని కొట్టారు. పేజీ అయ్యేసరికి చాలాసార్లు కొట్టారు. ఎందుకని అడిగితే, "నీ కళ్ళు వెనక్కి పోయినప్పుడల్లా కొట్టాను. నీకు తెలివి లేకపోవడం కాదమ్మా. నువ్వు ఒక్కో పేజీని రెండేసి సార్లు చదువుతున్నావు, అంతే" అన్నారు. నా గురించి ఒక పెద్దమనిషి అంత మంచిమాట అనడం అదే మొదలు. ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు, సంతోషంతో.

కళ్ళు వెనక్కి పోకుండా ఆమె దగ్గర ఒక ఉపాయం ఉండేది. పాత పెళ్ళికార్డులు సగానికి కోసి తలొకటి ఇచ్చేవారు. చదవబోయే లైను కింద కాదు, చదివేసిన లైను మీద పెట్టి కిందకి జరుపుకుంటూ రావాలి. పైనది మూతపడిపోతుంది కాబట్టి వెనక్కి వెళ్ళడానికి ఉండదు. మొదట్లో ప్రాణం గిలగిలలాడేది. ఏదో వదిలేశామన్న భయం. "వదిలేస్తే వదిలేశావు. ముందు లైన్లలో అది మళ్ళీ తగులుతుందిలే" అనేవారు. నిజంగానే తగిలేది.

పెదాలు కదపకుండా ఉండటానికి చెప్పిన ఉపాయం మాత్రం బెడిసికొట్టింది. అవి మిరపకాయల రోజులు. వరండా పక్కనే తొడిమలు తీసిన కాయలు ఆరబోసి ఉన్నాయి. టీచరుగారు ఒక్కొక్కరికి ఎండు తొడిమ ఇచ్చి పెదాల మధ్య పెట్టుకోమన్నారు. పెదవి కదిపితే కిందపడుతుంది, అందరికీ కనపడుతుంది. ఆలోచన మంచిదే. కాని తొడిమలు తీసుకున్న ఆ చేతులతోనే మాలో ఒకడు కళ్ళు నులుముకున్నాడు. వాడు పెట్టిన కేకలకి వీధిలో వాళ్ళంతా పరిగెత్తుకొచ్చారు. టీచరుగారు వాడి ముఖం పెరుగుతో కడిగి, కొంగుతో తుడిచి, వాళ్ళ అమ్మకి తనే వెళ్ళి చెప్పుకుని వచ్చారు. మర్నాటి నుంచి చింతగింజలు ఇచ్చారు. మిరప పండే ఊళ్ళో పుట్టిన మనిషికి ఆ పాటి తోచలేదేమిటని భర్త ఆమెను చాలా ఏళ్ళు ఏడిపించారు.

ఆయన్ని నేను బాబాయ్ అంటాను. గుంటూరు మిర్చి యార్డులో ఒక కొట్లో గుమాస్తాగా చేశారు. వారంలో సగం రోజులు అక్కడే. వాళ్ళది దూదేకుల ముస్లిం కుటుంబం. టీచరుగారి నాన్న ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవారట. ముద్దకట్టిన దూదిని వింటినారితో కొడుతుంటే విడిపోయి పొంగేదని ఆమె చెప్పేవారు. పెద్ద పేరా చూసి నేను బెంబేలు పడితే, "ఏకు దాన్ని. ముందు ఎక్కడ విడిపోతుందో చూడు" అనేవారు. ఒక్కో మాట కాకుండా, కలిసి ఉండే నాలుగు మాటల్ని ఒకే చూపులో పట్టుకోవడం అలా నేర్చుకున్నాం. మిరప కళ్ళంలో తాలుకాయలు ఏరేవాళ్ళు ఒక్కో కాయనీ పట్టి చూడరు, ఆరబోసిన కాయలన్నిటి మీదా చూపు పారిస్తే తెల్లబారిన కాయ తనంతట తనే కనపడుతుంది. ఆ పని మాకు ఇళ్ళల్లో వచ్చిందే. దాన్నే పుస్తకం మీద చేయమన్నారు, అంతే.

చదివే ముందు, ఇందులో నీకేం కావాలో చెప్పి చదవమనేవారు. "ఏం కొనాలో అనుకోకుండా అద్దంకి సంతకి వెళ్తావా?" అని అడిగేవారు. అన్నిటికన్నా కష్టమైంది ఆఖరిది. చదివాక పుస్తకం మూసి, మన మాటల్లో చెప్పాలి. పుస్తకంలో మాట ఒక్కటి దొర్లినా ఒప్పుకునేవారు కాదు. "అది పుస్తకం మాట. నీ మాట ఏదీ?" అనేవారు. ఎంత వేగంగా చదివినా సరే, మూసి చెప్పలేకపోతే ఆ చదువు లెక్కలోకి రాదు. వేగం చూసుకుని మురిసిపోయే వాళ్ళంటే ఆమెకు చిరాకు. ఇప్పుడు ఫోన్లలో గంటకో పుస్తకం చదివిస్తామని చెప్పే వాళ్ళని చూస్తే ఆమె బల్లమీద కొట్టే ఆ వేలు గుర్తొస్తుంది.

అన్నీ ఒకే వేగంతో చదవకూడదని కూడా ఆమే చెప్పారు. ఒకరోజు పాఠ్యపుస్తకం పక్కన పెట్టి, ఎవరి చేలోనో పడేసిన ఖాళీ పురుగుమందు డబ్బా కడిగి తెచ్చారు. దాని మీది చిన్న అక్షరాలు మా చేత చదివించారు. మేం అలవాటుకొద్దీ పరిగెత్తాం. ఆమె ఆపారు. "ఇది పరిగెత్తే చోటు కాదు. ఇక్కడ మీ నాన్న ఊపిరి ఉంది. కూర్చుని చదవండి" అన్నారు. మేం మళ్ళీ మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాం.

నేను లాయరునయ్యాను. పొద్దున్నే చేతికొచ్చిన కేసు కాగితాల కట్ట పదింటికల్లా చదివి జడ్జిగారి ముందు నిలబడగలుగుతున్నానంటే, అది పూర్తిగా ఆ వరండా పుణ్యం. మొహమాటానికి అంటున్న మాట కాదు.

రిటైరయ్యాక టీచరుగారికి షుగరు కళ్ళకి చేరింది. మనుషులు కనపడేవారు, ముఖాలు తెలిసేవి, అచ్చు అక్షరాలు మాత్రం అలుక్కుపోయేవి. చదవడం తప్ప వేరే సరదా లేని మనిషికి ఇలా చేయడం దేవుడికి ఏం న్యాయమో నాకు ఈరోజుకీ తెలియదు. ఆమె మాత్రం ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. ఆదివారాలు నేను వెళ్ళి పేపరు చదివి వినిపించేదాన్ని. హెడ్డింగులు అన్నీ చెప్పించుకుని, వాటిల్లో ఏవి కావాలో ఏరుకునేవారు. పిల్లలు అప్పటికీ వస్తూనే ఉండేవారు. పుస్తకం కనపడకపోయినా ఆమెకు ఇబ్బంది లేదు. చూడాల్సింది పిల్లల కళ్ళనే కదా.

పోయిన శీతాకాలం ఆమె కడుపునొప్పి అన్నారు. అన్నం తగ్గింది, మనిషి చిక్కిపోయారు. బాబాయ్, నేను గుంటూరు తీసుకెళ్ళి పరీక్షలు చేయించాం. డాక్టరు మా ఇద్దరినే లోపలికి పిలిచారు. క్యాన్సరని, లివరుకి పాకిపోయిందని, వేసవి దాటడం కష్టమని నెమ్మదిగానే చెప్పారు. బయటికి వచ్చాక బాబాయ్ గోడకి ఆనుకుని నిలబడ్డారు.

"దానికి చెప్పమాకమ్మా. తెలిస్తే బెంగతోనే పోతది. వాపని చెప్పు. మందులతో తగ్గుద్దని చెప్పు."

"అడుగుతారు బాబాయ్. ఆమెతో అబద్ధం చెప్పడం నాకు చేతకాదు."

"నాకు మాత్రం చేతనయిద్దా? ఇద్దరం కలిసి చెబుదాం" అన్నారు. ఆ పెద్దాయన చేతులు జోడించబోతే నేనే పట్టుకుని ఆపాను.

ఆ సాయంత్రం ఇంటికి చేరాక టీచరుగారు కుర్చీలో కూర్చుని, "రిపోర్టు నీ ఫోనుకి వచ్చిందిగా. చదువు" అన్నారు. నేను ఎదురుగా కూర్చున్నాను. ఆమె వెనక బాబాయ్ నిలబడి నాకేసి చూసి వద్దన్నట్టు తల ఊపుతున్నారు. లోపల ఏముందో నాకు తెలుసు. అయినా ఫోను తెరిచి చదివినట్టు చూశాను. చూడకుండా ఉండలేక నిజంగానే చదివాను.

"ఇక మూసి చెప్పు" అన్నారు.

"వాపు ఉందంట టీచర్. మందులు వాడితే తగ్గుతుందంట."

ఆమె నన్నే చూస్తున్నారు. వేలితో బల్లమీద టక్‌మని ఒక్కసారి కొట్టారు. తర్వాత తల తిప్పి, "ఏమండీ, కాస్త టీ పెట్టండి. ఈ పిల్ల పొద్దుటి నుంచి తిరుగుతోంది" అన్నారు. గండం గడిచిందనుకుని బాబాయ్ గబగబా వంటింట్లోకి వెళ్ళారు.

ఆమె గొంతు తగ్గించి అన్నారు. "ఒకే లైను దగ్గరికి నీ కళ్ళు మళ్ళీ మళ్ళీ పోయాయి. వాపు అన్న మాట కోసం ఎవరూ అన్నిసార్లు వెనక్కి వెళ్ళరు. ఇప్పుడు నీ మాటల్లో చెప్పు."

చెప్పాను. లివరు సంగతి చెప్పాను. వేసవి సంగతి చెప్పాను. ఎంతమంది క్లయింట్లకి ఎన్ని చెడ్డ తీర్పులు చదివి చెప్పానో. ఆ నాలుగు ముక్కలు మాత్రం ఏడుస్తూనే చెప్పాను. ఆమె ఏడవలేదు.

"మీ బాబాయ్‌కి తెలుసా?"

"ఆయనే చెప్పొద్దన్నారు."

"అదీ సంగతి. టీ పెట్టమంటే ఎప్పుడూ అంత తొందరగా కదలరు" అని కొంచెం నవ్వారు. "నాకు తెలిసినట్టు ఆయనకి చెప్పకు. నా దగ్గర దాచిపెట్టానన్న ధైర్యంతోనైనా ఈ నాలుగు నెలలు తిరగనీ."

అలా ఇద్దరి రహస్యమూ నా నెత్తిన పడింది. ఆదివారం వెళ్తే బాబాయ్ ఆమె ముందు, వచ్చే ఏడాది కళ్ళకి మంచి డాక్టరు దగ్గరికి వెళ్దామనేవారు. ఆమె, సరే, చలి తగ్గాక వెళ్దామనేవారు. నేను మధ్యలో పేపరు పట్టుకుని కూర్చునేదాన్ని. లేచి ఇద్దరి మీదా అరవాలనిపించేది. మీ ఇద్దరికీ తెలుసు, మాట్లాడుకోండి అని చెప్పాలనిపించేది. మాట ఇచ్చాను కాబట్టి నోరు మూసుకున్నాను. ఆ మౌనం సరైందో కాదో నాకు తెలియదు.

ఆమె ఆయనకి వంట నేర్పడం మొదలుపెట్టారు. నడుం నొప్పిగా ఉంది, ఈ పూటకి మీరు చేయండి అనేవారు. కుర్చీ వంటింటి గుమ్మంలో వేయించుకుని, పప్పు ఎలా ఉడకాలో, తిరగమోతలో ఏది ముందో చెప్పి, "ఇప్పుడు మీ మాటల్లో చెప్పండి" అనేవారు. కొట్లో గుమాస్తాగా జీవితమంతా గడిపిన మనిషి గరిటె పట్టుకుని, బడిపిల్లాడిలా అప్పజెప్పేవారు. ఆవాలు చిటపటలాడేదాకా ఆగాలని మర్చిపోతే ఆమె గుమ్మాన్ని వేలితో కొట్టేవారు. ఆ వంటింట్లో వాళ్ళిద్దరూ నవ్వుకోవడం నేను విన్నాను.

పండుమిరప దిగిన రోజుల్లో ఆమె పచ్చడి పెట్టాలన్నారు. కాయలు బాబాయే వెళ్ళి ఏరి తెచ్చారు. కడిగి, తుడిచి, నీడన ఆరబెట్టి, తొడిమలు తీసి, చింతపండూ ఉప్పూ వేసి తొక్కించారు. అప్పటికి ఆమెకి కూర్చోవడమే కష్టంగా ఉంది. అయినా మూడో రోజు జాడీలో తనే చెయ్యి పెట్టి కలిపారు. మూతి మీద తెల్లగుడ్డ వేసి, ఎవరి సాయమూ తీసుకోకుండా, తాడు చుట్టి ముడివేశారు. పెద్ద జాడీ. ఎప్పుడూ పెట్టే దానికన్నా చాలా ఎక్కువ.

వేసవి ముదిరేలోపే పోయారు. నేను వెళ్ళేసరికి స్నానం చేయించి తెల్లగుడ్డలో పడుకోబెట్టారు. మగవాళ్ళు మట్టి చేయడానికి తీసుకెళ్ళారు. మేం ఆడవాళ్ళం వరండాలో ఉండిపోయాం. మా బ్యాచ్ వాళ్ళు వస్తూనే ఉన్నారు. ఒకావిడ స్టాఫ్ నర్సు, ఒకావిడ పంచాయతీ సెక్రటరీ. అందరం ఆమె వేలితో కొట్టే ఆ బల్లవైపే చూస్తూ కూర్చున్నాం.

నలభయ్యో రోజు కార్యక్రమం అయిపోయాక, పోయిన ఆదివారం మళ్ళీ వెళ్ళాను. పేపరు చదివి వినిపించే పని లేదు గాని కాళ్ళు అటే పోయాయి. బాబాయ్ అన్నం వండారు. పప్పు చేశారు, తిరగమోత బాగానే పెట్టారు. ఇద్దరికీ కంచాలు పెట్టాక అన్నారు.

"దానికి తెలుసు గదమ్మా?"

కలిపిన ముద్ద కంచంలోనే పెట్టేశాను. అబద్ధం చెప్పడానికి ఇక ఎవరి కోసమని? తెలుసన్నాను. మొదటిరోజే తెలిసిందని, మీకు చెప్పొద్దన్నారని చెప్పాను.

"నాకర్థమైందిలే. పచ్చడి పెడతన్నప్పుడే అర్థమైంది. దానికి ఉప్పు తగలకూడదన్నాడు గదా డాక్టరు. నేనొక్కణ్ణే ఎంత తింటా? నా కోసం ఏడాదికి సరిపడా పెడతందని తెలిసిపోయింది. ఉప్పు నేనే అందించా. ఏమీ అనలా."

"అనాల్సింది బాబాయ్."

"ఎట్టా అంటాను? నాకు తెలియదనుకుని అది ధైర్యంగా తిరగతా ఉంది. నేను ఏడిస్తే అదేడుస్తదని నేను. అదేడిస్తే నేనేడుస్తానని అది." ఆయన నా కంచంలో ఇంకో గరిటెడు పప్పు వేశారు. "ఒక్కసారన్నా ఇద్దరం కలిసి ఏడవాల్సింది. అంత టైమిచ్చాడు దేవుడు. వంటింట్లో నవ్వుకుంటా గడిపేశాం."

టీచరుగారి గురించి నేను రాస్తున్నదాంట్లో ఈ సంగతి కూడా రాయవచ్చా అని అడిగితే, రాయి, ఇంకెవరైనా ఇట్టా దాచుకుంటా ఉంటే చదువుతారు అన్నారు.

పచ్చడి వేసుకుందామని లేచి జాడీ దగ్గరికి వెళ్ళారు. అలమరలో కింది అరలో ఉంది, పెట్టింది పెట్టినట్టే. వంగి ఆమె వేసిన ముడి మీద చెయ్యి వేశారు. కాసేపు అలాగే ఉన్నారు. నేను విప్పనా బాబాయ్ అన్నాను. వద్దన్నట్టు తల ఊపారు. తాడు కొస ఒకటి పైకి లేచి ఉంటే దాన్ని మెల్లగా చుట్టులోకి దోపి, చెయ్యి కడుక్కొచ్చి కూర్చున్నారు. ఇద్దరం పప్పన్నమే తిన్నాం.